అప్‌డేట్: పొడవు జుట్టుకు రోలర్ సెట్టింగ్ ఇప్పుడు కుదురుతోంది

జుట్టు భుజాలు దాటినప్పటి నుంచి రోలర్లతో (తడి జుట్టును చుట్టి ఆరబెట్టే గొట్టాలు) వేసిన వంకీలు సాయంత్రానికే జారిపోతున్నాయని, ఎంతసేపు ఆరబెట్టినా కొసలు తడిగానే ఉంటున్నాయని గత నెలలో అడిగాను. మీరు చెప్పినట్టు పాయలను సన్నగా తీసి చూశాను. అసలు లోపం అక్కడే ఉంది.

4 సెంటీమీటర్ల వ్యాసమున్న రోలర్ మీద 40 సెంటీమీటర్ల జుట్టు మూడు చుట్లకు పైగా తిరుగుతుంది కనుక, అన్నిటికన్నా లోపలి చుట్టులో ఉండే కొసలకు వేడి గాలి చిట్టచివర చేరుతుంది. తడిసినప్పుడు విడిపోయిన హైడ్రోజన్ బంధాలు (జుట్టు ఆకారాన్ని పట్టి ఉంచే బలహీనమైన అతుకులు) ఆరేటప్పుడే కొత్త ఆకారంలో తిరిగి ఏర్పడతాయి కాబట్టి, లోపల కాస్త తడి మిగిలినా వంకీ నిలవదు. ఇప్పుడు పాయ వెడల్పు రోలర్ పొడవును మించనివ్వడం లేదు. కొసలకు పల్చటి కాగితం మడిచి చుడుతున్నాను. అవి వంగిపోకుండా నున్నగా వస్తున్నాయి. మెడ దగ్గరి రోలర్ ఒకటి విప్పి కొసను వేళ్లతో నలిపి చూస్తే, చల్లగా తగిలినంతవరకూ అది ఆరనట్టే. ఆరాక కూడా పూర్తిగా చల్లారేవరకూ విప్పకపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది.

రోలర్ల సంఖ్య 14 నుంచి 22కు పెరిగింది, చేతులు నిజంగా నొప్పి పెడుతున్నాయి. నడినెత్తిన మాత్రం జుట్టు బరువుకు రోలర్ ఇంకా పక్కకు వాలుతోంది. అక్కడ రెండు క్లిప్పులు ఎదురెదురుగా పెట్టి చూస్తున్నాను.