గోపాల్‌పూర్ ఉప్పుగాలికి గేటు, రెయిలింగ్ ఏ లోహంతో చేయించాలి?

ఉప్పుగాలి_ఇల్లు: గోపాల్‌పూర్‌లో సముద్రానికి దగ్గర ఇల్లు. బరంపురంలో ఒక షాపువాళ్లు మామూలు ఇనుము చాలు, రెడ్ ఆక్సైడ్ కొట్టి పెయింట్ వేస్తామంటున్నారు. ఇంకొకరు స్టెయిన్‌లెస్ స్టీలంటారు, గ్రేడ్ అడిగితే "మంచి స్టీలేనండీ" అంటారు. మా బావ జీఐ పైపంటాడు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు. ఎవరి మాట వినాలి?

ఇచ్ఛాపురం_బాబాయ్: గ్రేడ్ బిల్లు మీద రాయమనండి. రాయనంటే 202 అనుకోండి, అది చవక రకం స్టీలు. అయస్కాంతంతో తేలదు, 202కీ, అంతకంటే మేలైన 304కీ రెండిటికీ అతుక్కోదు.

పర్లాకిమిడి_వెల్డర్: మీ బావగారు సగం కరెక్టు. జీఐ పైపు కోసి వెల్డింగ్ పెడితే అతుకు దగ్గర జింకు కాలిపోతుంది. తెల్లగా లేచే పొగ అదే, మూసిన షెడ్డులో పీలిస్తే ఒక్కోసారి రాత్రికి చలిజ్వరం. అతుకు చుట్టూ ఇనుము బోడిగా మిగిలి తుప్పు అక్కడే మొదలవుతుంది. దానిమీద సిల్వర్ పెయింట్ పూసి మెరిపిస్తారు, అది జింక్ పెయింట్ కాదు. గేటుని ముందు ఇనుముతో పూర్తిగా చేసేసి తర్వాత హాట్ డిప్‌కి పంపించండి. దాదాపు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు, పైపు లోపల కూడా పూత పడుతుంది. రెండు కొసలూ మూసిన పైపులకు ముందే కన్నాలు పెట్టాలి, లేకపోతే లోపలి తడి ఆవిరై తొట్టిలోనే పేలుతుంది. గడియ కొక్కెంతో సహా వెల్డింగంతా ముంచకముందే అయిపోవాలి.

ఉప్పుగాలి_ఇల్లు: థాంక్సన్నా. రెయిలింగ్‌కి 304 సరిపోతుందా?

బీచ్‌రోడ్_మేస్త్రీ: సముద్రం పక్కన 304కి కూడా టీ రంగు మరకలు పడతాయండీ. విచిత్రమేమిటంటే వాన తగిలే చోట తక్కువ, సన్‌షేడ్ కింద ఎక్కువ. అక్కడ ఉప్పు కడుక్కుపోదు కదా. 316లో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి బాగా తట్టుకుంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ. గీతల ఫినిష్ వద్దు, ఉప్పు ఆ గీతల్లో కూర్చుంటుంది. అద్దంలా పాలిష్ పెట్టించండి.

ఇచ్ఛాపురం_బాబాయ్: బోల్టులు మరిచిపోకండి. 2018లో తిత్లీ తుఫానుకి మా వీధిలో ఒక స్టీలు రెయిలింగ్ వంగకుండానే మొత్తం ఊడొచ్చింది. కింద వేసినవి ఇనుప బోల్టులు, తుప్పుకి సగం తినేసి ఉన్నాయి. స్టీలు, ఇనుము ఉప్పుతడిలో కలిసుంటే ముందు పోయేది ఇనుమే.

ఉప్పుగాలి_ఇల్లు: అయితే సముద్రంవైపు రెయిలింగ్ 316, బోల్టులూ అదే. గేటు ఇనుముతో చేయించి హాట్ డిప్. పెయింట్ కూడా వేయాలా?

పర్లాకిమిడి_వెల్డర్: వేస్తే ఇంకా మంచిది. కాకపోతే కొత్త జింకు మీద మామూలు ఎనామెల్ పెచ్చులూడుతుంది. జీఐ ప్రైమర్ అని అడిగి తీసుకోండి.