కోల్నీ హాచ్ పాత రికార్డులు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మావారిది లండన్. మా మామగారి ముత్తవ్వని కోల్నీ హాచ్ మానసిక ఆసుపత్రిలో చేర్చారట. 1881 జనాభా లెక్కల్లో పిల్లలు బంధువుల ఇంట్లో ఉన్నారు, ఆవిడ పేరు లేదు. అప్పట్లో కొన్ని ఆసుపత్రులు రోగుల పేర్లకు బదులు పొడి అక్షరాలే రాసేవి, వెతకడం చాలా కష్టం. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఎంహెచ్ 94 అనే, మానసిక రోగుల చేరికలు రాసిన రిజిస్టర్లో మాత్రం పూర్తి పేరు, చేరిన తేదీ దొరికాయి. పక్క గడిలో 1884లో డిస్చార్జ్ అనీ, ‘నయం కాలేదు’ అనీ ఉంది. బహుశా ఇంటికి కాకుండా ఇంకో ఆసుపత్రికో, దిక్కులేని పేదలు ఉండే వర్క్‌హౌస్‌కో పంపి ఉంటారు. అదెక్కడో ఎలా తెలుసుకోవాలి? అదే రిజిస్టర్లో ఆ తేదీల దగ్గర మళ్ళీ వెతకాలా, లేక ఆసుపత్రివాళ్ళు ఒక్కో రోగి వివరాలు రాసుకునే కేస్‌బుక్‌లో రాసి ఉంటుందా? కొన్ని కేస్‌బుక్కుల్లో రోగి ఫోటో కూడా అంటించేవారు. మామగారికి ఎనభై దాటాయి, ఆవిడ ముఖం చూడాలని ఆయనకు ఎంతో ఆశ. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.