అప్‌డేట్: ఆ ఫౌంటెన్ మీద దేవదూత ఎందుకుందో తెలిసింది

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని బెథెస్డా ఫౌంటెన్ మీద రెక్కల దేవదూత ఎందుకుంది, అది యుద్ధ స్మారకమా అని మొన్న అడిగాను కదా. కాదట. అది మంచినీళ్ల కథ.

1832లో కలరా ఆ నగరంలో వేలమందిని బలి తీసుకుంది. శుభ్రమైన నీళ్ల కోసం సుమారు 66 కిలోమీటర్ల క్రోటన్ కాలువ కట్టి, 1842లో నగరానికి నీళ్లు తెచ్చారు. దానికి గుర్తుగానే ఈ కంచు విగ్రహం, 1873లో ఆవిష్కరించారు. చెక్కింది ఎమ్మా స్టెబిన్స్. ఆ నగరంలో అంత పెద్ద పని దక్కిన మొదటి మహిళ ఆవిడే. కింద ఉన్న నలుగురు పిల్లలు మితం, పవిత్రత, ఆరోగ్యం, శాంతికి ప్రతీకలు.

పేరు దగ్గరే నాకు నవ్వొచ్చింది. మన బైబిల్లో యోహాను సువార్తలో వచ్చే బేతెస్ద కోనేరే ఇది! దేవదూత నీళ్లు కదిలిస్తే రోగాలు నయమయ్యేవని చెప్పే చోటు. చిన్నప్పుడు అమ్మమ్మ చదివి వినిపించేది, అయినా ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో గుర్తుపట్టలేకపోయాను.

చాలా ఏళ్లు ఎండిపోయి ఉంటే 1980ల మొదట్లో బాగుచేశారట. చెప్పినవాళ్లందరికీ థాంక్స్.