సవర మాటలను తెలుగు లిపిలో రాసుకోవడం ఎలా?

ప్రశ్న: సీతంపేట ప్రాంతంలో సవర గిరిజన పెద్దల మాటలను రికార్డు చేసి తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. కొన్ని పదాల్లో గొంతు క్షణంపాటు బిగిసి, గాలి ఆగి, మళ్ళీ వదులైనట్టు వినిపిస్తోంది. దానిని ఏ అక్షరంతో చూపాలి?

జవాబు 1: అది గొంతులోనే పలికే స్పర్శధ్వని. తెలుగులో దానికి అక్షరం లేదు కదా అని మాత్రం దయచేసి వదిలేయకండి. దానికున్న ఐపీఏ (అంతర్జాతీయ ధ్వని లిపి) గుర్తును తప్పక వేయండి.

జవాబు 2: పదనిర్మాణాన్ని కూడా గమనించండి. పులిని ‘కినా’ అంటారు; కాని ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అనే వాక్యమంతా ‘ఞమ్‌కిత్తమ్’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అందులో ‘ఞమ్’ పట్టుకోవడం, ‘కిత్’ పులికి కురచ రూపం, చివరి ‘అమ్’ నిన్ను. గిడుగు రామమూర్తి గారి 1931 నాటి సవర వ్యాకరణాన్ని దగ్గర పెట్టుకుని, ప్రతి నామవాచకానికీ రెండు రూపాలూ అడిగి రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు: నేను ఇన్నాళ్ళూ నిండు రూపాలే అడిగాను. ఆ పెద్దల దగ్గరికే మళ్ళీ వెళతానండి.