అప్‌డేట్: చెరువులో గుర్రపుడెక్క మళ్లీ మళ్లీ రావడం గురించి

హైదరాబాద్‌లో మా కాలనీ చెరువులో గుర్రపుడెక్క (నీటిపై తేలే కలుపు మొక్క) తీసిన కొన్ని వారాలకే మళ్లీ ఎందుకు కమ్మేస్తోందని అడిగాను కదా. కారణం తేలింది. తీసిన మొక్కల్ని నీటి అంచునే కుప్ప పోశాం, వానకు అవి తిరిగి జారిపోయాయి. అనుకూలిస్తే రెండు వారాల్లోనే ఇది రెట్టింపవుతుంది, గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. అందుకే ఇప్పుడు పూత రాకముందే వేళ్లతో సహా లాగి, గట్టు అవతల ఎండబెడుతున్నాం. మొక్కలో 90 శాతానికి పైగా నీరే, ఎండితే మోత చాలా తేలిక.

ఇక నాలా (మురుగు కాలువ) నుంచి చెరువులోకి కొట్టుకొచ్చే చెత్తను ఆపడానికి ఖాళీ 20 లీటర్ల డబ్బాలు, నైలాన్ తాడు, అడుగు లోతు వలతో తేలే అడ్డు కట్టాం. ఏటవాలుగా కడితే చెత్త ఒక ఒడ్డుకే చేరుతుంది. తాడు మాత్రం బిగించొద్దు, నీటిమట్టం పెరిగితే తెగుతుంది. మురుగు కలవడం ఇంకా ఆగలేదు, డెక్కకు అసలు ఎరువు అదే.