ఎండ బాగా ఉన్నప్పుడే సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

తెనాలి_మేడ:
పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం, 78 వేల సబ్సిడీ కూడా పడింది. ఇబ్బందల్లా ఒకటే. పదకొండు దాటితే 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని ఇన్వర్టర్ ఆగిపోతోంది. ఆగేముందు 257 చూపిస్తోంది. రాత్రి ఏసీలు వేశాక 215. మాది వీధి చివరి ఇల్లు. ఇదే లైన్లో ఇంకో నలుగురికి ప్యానెళ్లున్నాయి. మా సోలార్ బిగించిన కంపెనీవాళ్లు ఇన్వర్టర్ సెట్టింగ్‌లో వోల్టేజ్ లిమిట్ పెంచేస్తామంటున్నారు. పెంచమనవచ్చా?

పాత_లైన్‌మ్యాన్:
వద్దండీ. 230కి పది శాతం పైన, అంటే 253 దాకానే హద్దు. లిమిట్ పెంచితే ఆ ఎక్కువ వోల్టేజ్ మీ ఫ్రిజ్‌కీ పోతుంది, పక్కింటి టీవీకీ పోతుంది. ఇన్వర్టర్ సరిగ్గానే పనిచేస్తోంది.

మన లైన్లు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు కరెంటు పంపడానికే వేసినవి. చివరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోతుందని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాస్త ఎక్కువే పెడతారు. మధ్యాహ్నం ఇళ్లలో వాడకం ఉండదు, మీ ఐదుగురి కరెంటూ వెనక్కి నడుస్తుంది. అలా నెట్టాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజ్ లైన్ కన్నా పైన ఉండాలి. అందుకే చివరి ఇంటికే తిప్పలు.

మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ఆపి ఎలక్ట్రీషియన్ చేత వోల్టేజ్ చూపించండి, తర్వాత ఆన్ చేసి చూపించండి. ఆపినా 250 దాటితే గొడవ లైన్లో ఉంది. ఆన్ చేశాకే ఎగబాకితే మీ వైరు చూడాలి.

అడిలైడ్_తమ్ముడు:
ఇక్కడ ఆస్ట్రేలియాలో కొత్త ఇన్వర్టర్లన్నీ వోల్టేజ్ పెరిగేకొద్దీ ఉత్పత్తిని మెల్లగా తగ్గించుకోవాలని నిబంధన ఉంది అన్నా. ఒక్కసారిగా ఆగిపోవడం తగ్గుతుంది. ఆ సదుపాయాన్ని 'వోల్ట్-వాట్' అంటారు, మీ ఇన్వర్టర్‌లో ఉందేమో అడగండి.

తెనాలి_మేడ:
చూపించాం. ఆపితే 244, ఆన్ చేస్తే 257. లైన్‌కి ఇచ్చే వోల్టేజ్ తగ్గేలా ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ తగ్గించమని అర్జీ పెట్టనా?

పాత_లైన్‌మ్యాన్:
తొందరపడకండి. ట్యాప్ తగ్గిస్తే మీ రాత్రి 215 ఇంకా పడిపోతుంది, వీధంతా మీ మీదకొస్తారు. మీ 3 కిలోవాట్లంటే సుమారు 12 ఆంపియర్లు. దానికే 13 వోల్ట్‌లు పెరగడం చాలా ఎక్కువ. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీసు వైరు 30 మీటర్లున్నా 5 వోల్ట్‌లే పెరగాలి. 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అది 2కి దిగుతుంది. 13లో ఆ 5 పోగా మిగతా 8 వోల్ట్‌లు ఎక్కడో జాయింట్‌లో ఉన్నాయి, లేదా స్తంభాల మీది లైనే సన్నం. ముందు స్తంభం దగ్గర జాయింటు, న్యూట్రల్ చూడమని లైన్‌మ్యాన్‌ని పిలవండి, మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఐదు ఇన్వర్టర్లూ ఒకే ఫేజు మీద ఉన్నాయేమో కూడా అప్పుడే చూడమనండి. ఉంటే రెండిటిని వేరే ఫేజుకు మార్చమని అర్జీలో రాయండి.