చిన్న కుంటలో పెద్ద కొర్రమట్టకు (కొర్రమీనుకు) రబ్బరు ఎర్ర పనిచేస్తుందా?

చండూరు_రైతుబిడ్డ:
అన్నలందరికీ నమస్తే. మాది చండూరు పక్కన ఊరు. మా చేను కింద రెండెకరాల కుంట ఉంది. మిషన్ కాకతీయలో పూడిక తీశాక ఎండాకాలం కూడా తూము దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. పొద్దున మోటరు వేయడానికి పోయినప్పుడు తుంగ పక్కన మోచేయంత కొర్రమట్ట పైకొచ్చి గాలి మింగి పోతుంది. నా కళ్ళతో చూస్తున్నా.

మా బావ అమెరికా నుంచి వస్తూ రెండు ప్యాకెట్ల రబ్బరు ఎర్రలు, అంటే వానపాము లాంటి రబ్బరు ఎరలు, తెచ్చాడు. ఏడంగుళాలవి, ఒకటి నల్లది, ఒకటి నేరేడు రంగుది. అక్కడ బాస్ అనే చేపకు వాడతారట. వీడియోల్లో చూపించినట్టే ముందు సీసం గుండు కట్టి, అడుగున మెల్లగా లాగుతున్నా. టపటపా తగులుతుంది, గుంజితే తోక తెగి వస్తుంది. పడ్డవన్నీ అరకిలో లోపువే. ఆ పెద్దది మాత్రం దగ్గరికే రావడం లేదు. రాడ్డు ఏడడుగులది, లైను మామూలు ప్లాస్టిక్ దారం. ఏం మార్చాలో చెప్పండి.

పాలమూరు_చేపలు:
తమ్మీ, ఆ ఎర్రలు పక్కన పెట్టు. కొర్రమట్టకు రబ్బరు కప్పే రాజు. మా దేవరకద్ర వైపు కుంటల్లో అందరం అదే వాడతాం. రెండు గాలం ముళ్ళున్న కప్ప, పొద్దు ఎక్కకముందు తామరాకుల మీద దూకించు. బాస్ మన దగ్గర లేని చేప, దాని పద్ధతులు మనకెందుకు?

డిండి_గాలం:
కప్ప మంచిదే అన్నా, కాదనను. కానీ తమ్ముడి చేతిలో ఉన్న ఎర్రతో కూడా పెద్ద చేప పడుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. కొర్రమట్ట అంటే నాకు ప్రాణం. మా డిండి ప్రాజెక్టులో పడవ మీద పట్టడం ఒక ఎత్తు, రెండెకరాల కుంటలో గట్టు మీద నిలబడి పట్టడం ఇంకో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం.

ముందు ఆ ఎర్ర సంగతి. 1949లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ ఊళ్ళో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్ ఎర్రను తయారు చేశాడు, తర్వాత అమ్మకానికి పెట్టాడు. బాస్ వేటగాళ్ళు అప్పటి నుంచి దాన్ని వదల్లేదు. ఎందుకంటే బాస్ నోరు పెద్దగా తెరిచి నీళ్ళతో సహా ఎరను లోపలికి పీల్చుకుంటుంది. దాని పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి, అందుకే వీడియోల్లో బొటనవేలు నోట్లో పెట్టి ఎత్తి చూపిస్తారు. కొర్రమట్టతో ఆ పని అస్సలు చేయకు. దీనికి కోరపళ్ళుంటాయి, ఇది కరిచి పట్టుకునే రకం. ఏడంగుళాల ఎర్రను చిన్న చేప తోక దగ్గర పట్టుకుంటే గాలం దాకా రాదు, తోక తెంపుకొని పోతుంది. నీకు టపటపా తగిలేవి చిన్న మట్టలో, మట్టగిడసలో, జెల్లలో అయ్యుంటాయి. పెద్దది పట్టుకుంటే టపటప ఉండదు. లైను పక్కకు జరుగుతుంది, లేదంటే ఉన్నట్టుండి బరువెక్కుతుంది. అంతే.

రెండోది, ఆ సీసం గుండు తీసెయ్. ముందు గుండు పెట్టి టెక్సాస్ రిగ్ అని వాళ్ళు కట్టేది వాళ్ళ చెరువుల్లో బాగుంటుంది. మన కుంటల అడుగున బురద, దాని మీద నాచు. గుండు నాచులో కూరుకుపోతే వెనక ఉన్న ఎర్ర ఎవరికి కనబడుతుంది? పైగా కొర్రమట్ట గాలి కోసం పైకి రావాల్సిన చేప, ఒడ్డు పక్కన తుంగలో, లోతులేని నీళ్ళలో నీడ చూసుకొని పడుకుంటుంది. కప్ప దూకినా, చిన్న చేప కదిలినా అక్కడి నుంచే లేస్తుంది. కాబట్టి ఎర్రను బరువు లేకుండా కట్టు. మెడ దగ్గర వంపు ఉన్న గాలం, ఆఫ్‌సెట్ అంటారు, 4/0 సైజు తీసుకో. మొనను ఎర్ర తల మధ్యలో గుచ్చి, గోరంత దూరంలో పక్క నుంచి బయటికి తీయి. గాలం మెడ వంపు దాకా ఎర్రను జరుపు, గాలాన్ని తిప్పు. ఎర్రను నిటారుగా వేలాడదీసి మొన ఎక్కడ ఆనుతుందో చూసుకొని అక్కడే ఎర్ర ఒంట్లోకి గుచ్చు. మొన లోపలే దాగాలి. ఎర్ర మడత పడినా, మెలి తిరిగినా తీసి మళ్ళీ గుచ్చు. నీళ్ళలో గిరగిరా తిరిగే ఎర్రను పెద్ద చేప ముట్టదు, లైను కూడా మెలిక పడుతుంది. తిన్నగా కుదిరితే తుంగ మీద లాగినా చిక్కుకోదు.

ఇప్పుడు అసలు విషయం. చిన్న కుంటలో ఎర కంటే గట్టు మీద నీ నడక ముఖ్యం. మన నేల అడుగుల చప్పుడును నీళ్ళలోకి మోసుకుపోతుంది. చేప ఒంటి పక్కనున్న గీత ఆ అదురును పట్టేస్తుంది. నువ్వు మోటరు వేయడానికి పోయే దారిలోనే గాలం వేస్తున్నావని నా అనుమానం. ఆ చేపకు నీ అడుగు రోజూ తెలిసిందే. గట్టుకు పది గజాల దూరంలోనే చెప్పులు వదిలి మెల్లగా పో. నీళ్ళ అంచుకు పోవద్దు, రెండు మూడు గజాలు వెనకే కూర్చో. పొద్దున పూట పడమటి గట్టున ఉండు. సూర్యుడు ఎదురుగా ఉంటాడు, నీ నీడ వెనక్కి చేను మీద పడుతుంది. తూర్పు గట్టున నిలబడితే నీ నీడ నీకంటే ముందే నీళ్ళలోకి పోతుంది. సాయంత్రం దీనికి ఎదురు, తూర్పు గట్టున ఉండు. ఈ ఒక్కటి చెబితే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను మాత్రం దీని మీదే పెద్ద చేపలన్నీ పట్టాను.

కూర్చున్నాక వెంటనే వేయకు. కొన్ని నిమిషాలకొకసారి అది గాలికి పైకి రావాల్సిందే. బుడుంగుమని చప్పుడొస్తుంది, వలయం చిన్నగా ఉంటే చిన్నది, నీళ్ళు మెల్లగా ఉబ్బి వెడల్పుగా పోతే పెద్దది. తల ఏ దిక్కున పోయిందో చూడు. ఆ చోటికి ఐదారడుగులు అవతల తుంగ మీద ఎర్ర పడాలి. నెత్తి మీద వేశావంటే పొద్దంతా రాదు. తుంగ మీద నుంచి నీళ్ళలోకి జారనివ్వు, వలయాలు పోయేదాకా ఆగు, తర్వాత రాడ్డు కొన చిన్నగా కదుపు, మళ్ళీ ఆగు. దిగుతున్నప్పుడే ఎక్కువగా పట్టుకుంటుంది, అందుకే కళ్ళు లైను మీదే ఉండాలి. ఒక చోట రెండు మూడు సార్లు వేసి రాలేదంటే వదిలెయ్, మర్నాడు చూడు.

లైను కదిలిందా, గుంజకు. రాడ్డు కొన కిందికి దించు, లైను వదులును చుట్టెయ్, బరువు తెలిశాక గట్టిగా కొట్టు. కొట్టాక మాత్రం ఒక్క క్షణం కూడా ఇవ్వొద్దు, తల పైకి లాగెయ్. తుంగ వేర్లలోకో సర్కారు తుమ్మ కొమ్మల్లోకో పోయిందంటే మళ్ళీ రాదు. మామూలు ప్లాస్టిక్ దారం సాగుతుంది, దాంతో మొన లోపలికి దిగదు. సాగని అల్లిక దారం, బ్రెయిడ్ అంటారు, 40 పౌండ్లది వేయించుకో. రాడ్డు గట్టిదైతే అదే చాలు.

చండూరు_రైతుబిడ్డ:
అన్నా, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. నిజమే, నేను మోటరు దారిలో నుంచే వేస్తున్నా, అది తూర్పు గట్టే. ఇంకో సంగతి. నిన్న జమ్ము పక్కన ఎర్రెర్రగా సన్న పిల్లల గుంపు నీళ్ళ మీద బుడబుడలాడుతూ తిరుగుతోంది. వాటి కింద ఆ పెద్దదే ఉన్నట్టుంది. అక్కడ వేస్తే వెంటనే పడుతుందని మా వాళ్ళు అంటున్నారు.

హాలియా_మత్స్యసంఘం:
వేయకు తమ్మీ, దయచేసి వేయకు. పడుతుంది, ఎందుకంటే ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చిందని తరిమి కరుస్తుంది. తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. వాటిని తీసేస్తే ఆ గుంపును జెల్లలు, మట్టగిడసలు ఒక పూటలో తినేస్తాయి. సర్కారు చెరువులకు ఇచ్చే పిల్లల్లో ఎక్కువ బొచ్చె, రవ్వ, బంగారుతీగ లాంటివే. కొర్రమట్ట తనంతట తాను గుడ్లు పెట్టి నిలబడాల్సిందే. మన రాష్ట్ర చేప అది. పిల్లలు ఎరుపు పోయి విడిపోయేదాకా ఆ వైపు పోవద్దు.

కుంట మీ పట్టా కాకుండా ఊరి కుంట అయితే మీ ఊరి మత్స్యకారుల సంఘం అధ్యక్షుణ్ణి ఒక మాట అడుగు. మా వాళ్ళకు అదే బతుకుదెరువు. అడిగి వచ్చినవాడికి ఎవరూ కాదనరు. ఇంకా ఒకటి, చేను గట్ల మీద మోటరు తీగలు కిందికి వేలాడుతుంటాయి. ఈ నల్ల కార్బన్ రాడ్డు కరెంటును లాగేస్తుంది. పైన తీగ ఉన్న చోట ఎత్తి విసరకు, నిలబెట్టి నడవకు.

పాలమూరు_చేపలు:
నీడ సంగతి మంచి పాయింట్ అన్నా. పడమటి గట్టు నేనూ చూస్తాను, కప్పతోనే.

డిండి_గాలం:
సంఘం అన్న చెప్పింది అక్షరాలా నిజం. తమ్మీ, పిల్లల గుంపు ఉన్న మూల వదిలి తూము వైపు చూడు. పూడిక తీసిన గుంత అంచు ఎక్కడుందో ఎండాకాలం చూసే ఉంటావు, ఆ అంచు మీద తుంగ ఉంటే ఇంకో పెద్దది ఉండే అవకాశం ఎక్కువ. నీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు నల్ల ఎర్ర, తేటగా ఉన్నప్పుడు నేరేడు రంగు. రెండు రంగులు ఒకే కవర్లో పెట్టకు, ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో కూడా వద్దు, కొన్ని డబ్బాల్లో కరిగి అతుక్కుంటాయి, వాటి కవర్లోనే ఉంచు. తోకలు తెగినవి నీళ్ళలో పారేయకు, చేప మింగితే కడుపులో ఉండిపోతాయి. ముందు వైపు బాగుంటే తోక తెగిన చోట కోసేసి నాలుగంగుళాల ఎర్రగా వాడు, మట్టగిడసలకు చక్కగా పనికొస్తుంది.